ఆ పెన్సిలు నువ్వు పట్టుకో

చిరంజీవి మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. ఏ పత్రికలోనూ కాకుండా సొంతంగా, ఒంటరిగా రాసే ఒకే రచయిత వార్తలు రోజూ చదువుతున్నానని, ఆయన చెప్పినంత సూటిగా పత్రికలు కూడా చెప్పడం లేదని రాశావు. నాకు సంతోషమే. ఒక మనిషి గొంతులో విన్న వార్త మనసుకు పడుతుంది, గుర్తుంటుంది. మానేయమని చెప్పను. ఎలా చదవాలో మాత్రం చెబుతాను.

పత్రికలో విలేకరి రాసినది నేరుగా అచ్చుకు వెళ్లదు. ఉపసంపాదకుడు దిద్ది శీర్షిక పెడతాడు, ప్రూఫ్ మరొకరు చూస్తారు. నేను పత్రికలో వార్తలు దిద్దే డెస్కులో చేరిన కొత్తలో, వార్తాసంస్థ పంపిన ఇంగ్లిషు వార్తను తెలుగు చేస్తూ 3 మిలియన్లను 3 కోట్లు అని రాశాను. మిలియన్ అంటే 10 లక్షలు. అది 30 లక్షలు కావాలి. ప్రూఫ్ చూసే పెద్దాయన ఆ అంకె కింద పెన్సిలుతో గీత గీసి, ఒక్క మాటా అనకుండా కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లారు. ఆ గీత లేకపోతే తెల్లారేసరికి ఆ తప్పు ఇంటింటికీ చేరేది. నువ్వు చదివే రచయితకు అలాంటి పెద్దాయన లేరు. రాసేదీ, దిద్దేదీ, శీర్షిక పెట్టేదీ ఆయనే. అందుకే ఆ పెన్సిలు నువ్వు పట్టుకోవాలి.

ముందు క్రియాపదాలు చూడు. 'చెప్పారు' అంటే చెప్పిన మనిషి ఉంటాడు. 'తెలిసింది', 'సమాచారం', 'భావిస్తున్నారు' అన్నచోట ఆగు. ఎవరికి తెలిసింది? ఎవరు భావిస్తున్నారు? తెలుగులో కర్త లేకుండా కూడా వాక్యం హాయిగా నడిచిపోతుంది. వదంతి వార్తలోకి దూరేది ఆ సందులోంచే. పేరు లేని ఆధారమంతా అబద్ధమని కాదమ్మా. ఉద్యోగం పోతుందనో, ప్రాణానికి ముప్పనో పేరు ఇవ్వలేనివాళ్లు ఉంటారు. అలాంటప్పుడు మంచి రచయిత పేరు ఎందుకు దాచాడో ఒక్క ముక్కైనా చెబుతాడు.

తరువాత అంకెలు. 'ముప్పు రెట్టింపైంది' అని చదివితే, ఎంతలో ఎంత అని అడుగు. 10,000 మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఇద్దరికి వచ్చినా రెట్టింపే. వడ్డీ 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగితే 2 శాతం పాయింట్లు పెరిగిందనవచ్చు, 50 శాతం పెరిగిందనీ అనవచ్చు. రెండూ నిజమే. రాసినవాడు ఏది ఎంచుకున్నాడో చూస్తే అతని మొగ్గు తెలుస్తుంది.

తొలి గంటల్లో వచ్చిన వార్తను పచ్చి కుండలాగే చూడు. 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో చికాగో డైలీ ట్రిబ్యూన్ ఓట్ల లెక్కింపు పూర్తికాకముందే డ్యూయీ గెలిచాడని పతాక శీర్షిక పెట్టింది. గెలిచింది ట్రూమన్. ముద్రణ కార్మికుల సమ్మె వల్ల పత్రికను మామూలుకన్నా ముందే అచ్చుకు పంపాల్సి వచ్చింది. ఆ సంచికను చేత్తో పైకెత్తి నవ్వుతున్న ట్రూమన్ ఫొటో ఇప్పటికీ అందరూ చూస్తారు. అంతమంది ఉన్న సంస్థకే తొందర అంత పని చేసింది. ఒంటరిగా రాసేవాడికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆయన ఏదైనా తీర్పునో నివేదికనో ప్రస్తావిస్తే, నెలకు ఒక్కసారైనా అసలు పత్రం తీసి పక్కపక్కన పెట్టి చదువు. ఆయన వదిలేసిన పేరా ఏదో కనిపిస్తుంది. వేటి గురించి అసలు రాయడో కూడా గమనించు. ఆ లోటు వేరేచోట పూడ్చుకోవాలి.

తప్పు కనిపిస్తే ఆధారంతో సహా మర్యాదగా ఆయనకు రాయి. ఆయన తేదీ వేసి సవరణ ప్రకటిస్తే ఇంకొంచెం నమ్ము. చప్పుడు లేకుండా వాక్యం మార్చేస్తే మాత్రం జాగ్రత్తపడు. రచయితను నమ్మవచ్చో లేదో చెప్పడానికి నాకు అన్నిటికన్నా పెద్ద గుర్తు ఇదే.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. 'జరగబోతోంది' అని ఆయన రాసినప్పుడల్లా తేదీతో ఒక వరుసలో రాసి, ఎదుట ఖాళీ వదులు. ఆరు నెలలకు, అది జరిగిందో లేదో చూసి ఆ ఖాళీలు నింపు.

మొన్న నువ్వు పంపిన కథనం మూడో పేరాలో 'తెలిసింది' అని ఉంది. ఎవరికి తెలిసిందో కనుక్కుని నాకు రాయి.

ఇట్లు,
మీ తాతయ్య