పాత స్పీకర్లకు ప్లగ్ వెతికే ముందు

శ్రీకాకుళం

అల్లుడూ,

బావ మస్కట్ నుంచి తెచ్చిన గ్రుండిగ్ స్పీకర్ల ప్లగ్ ఫొటో చూశాను. ఒక పిన్ను గుండ్రంగా, ఇంకోటి బద్దలా ఉంది కదా, అది టూ పిన్ స్పీకర్ డిన్. జర్మనీ వాళ్ల ప్రమాణం. ఫిలిప్స్, బ్యాంగ్ అండ్ ఓలుఫ్సెన్ కూడా ఒకప్పుడు ఇదే వాడేవి. షాపులో ఉత్త "డిన్ ప్లగ్" అంటే ఐదు పిన్నులది చేతిలో పెడతారు, అది టేప్ రికార్డర్లకి పనికొచ్చేది. ఫొటో చూపించి అడుగు.

అయినా అప్పుడే కొనకు. మన వైపు ఉప్పుగాలికి ఇత్తడి పిన్నులు చిలుము పడతాయి. సౌండు వచ్చి పోతోందంటే చాలాసార్లు కారణం అదే. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, ప్లగ్‌ని ఓ పదిసార్లు పెట్టి తియ్యి. గరుకు కాగితంతో మాత్రం గీకకు. పైపూత పోయిందంటే చిలుము ఇంకా తొందరగా పడుతుంది.

పగిలిపోతే మార్చక తప్పదు. కోసే ముందు ఏ తీగ ఏ పిన్నుకుందో రాసుకో. గుండ్రటిది ప్లస్, బద్ద మైనస్. మధ్యలో ఎవడైనా చెయ్యి పెట్టి ఉంటే ఈ లెక్క నమ్మకు. ఆంప్లిఫయర్ నుంచి విడదీసి, తీగలకి 1.5 వోల్టుల సెల్ ఒక్క క్షణం తాకించు. స్పీకర్ కోన్ (ముందుకీ వెనక్కీ కదిలే గరాటు లాంటి భాగం) ముందుకొస్తే సెల్ ప్లస్ తగిలిన తీగే ప్లస్. పాత జేబీఎల్ స్పీకర్లలో కొన్ని దీనికి తిరగబడి ఉంటాయిలే. అసలు కావలసింది రెండు బాక్సులూ ఒకేలా కదలడం. ఒకదానికి ప్లస్ మైనస్ తిరగబడిందా, బేస్ చచ్చిపోతుంది. జనం బాక్సే పోయిందనుకుని బేరం పెట్టేస్తారు.

సోల్డరింగ్ దగ్గర కంగారు పడకు. ప్లగ్ మూతని ముందే తీగకి ఎక్కించు, అందరూ మర్చిపోయేది అదే. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు వంకరపోతాయి, అందుకని ప్లగ్‌ని ఒక పాత సాకెట్‌లో గుచ్చి పెట్టుకుని చెయ్యి. తీగకి, పిన్నుకి విడివిడిగా సోల్డర్ పట్టించి ఉంచుకుంటే రెండు సెకన్లలో అతుక్కుంటుంది.

ఇక్కడ ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఒకసారి అడుగు. లేకపోతే హైదరాబాద్ కోఠి, చెన్నై రిచీ స్ట్రీట్. పాత సామాన్ల కొట్లో చెడిపోయిన రేడియోగ్రామ్ (రేడియో, రికార్డు ప్లేయరు కలిసిన పెట్టె) కనబడితే మరీ మంచిది, సాకెట్ కూడా దొరకొచ్చు.

కొత్త ఆంప్లిఫయర్‌కి పెట్టాలని బాక్సుకి మాత్రం కన్నాలు వెయ్యకు! ఒక కొసన డిన్ సాకెట్, ఇంకో కొసన 4 మి.మీ. బనానా ప్లగ్గులతో చిన్న వైరు చేసుకో, చాలు. బాక్సు వెనక తీగలు తగిలించే టెర్మినలే మార్చాల్సి వస్తే దాని పైపలక కొలిస్తే లాభం లేదు. లోపలి కన్నం వెడల్పు, స్క్రూల మధ్య దూరం కొలిచి కొను. బిగించేటప్పుడు కింద పల్చటి ఫోమ్ వాషర్ వెయ్యి. మూసిన బాక్సుల్లోంచి గాలి కారితే సౌండు మారిపోతుంది.

వెనక పలకకి స్కేలు ఆనించి ఇంకో ఫొటో తీసి పంపు, ఏ సైజు కావాలో చెప్తాను. అక్కని అడిగానని చెప్పు.

మావయ్య