పాడి రైతుల ప్రశ్నలు: గడ్డి కట్టల మోత, గడ్డివాము, మేత

ప్రశ్న: మాకు 10 బర్రెలున్నయి. ఏటా ఎండాకాలానికి సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు నుంచి బేలర్ (గడ్డిని బిగించి కట్టే యంత్రం) కట్టిన వరిగడ్డి కట్టలు తెప్పించుకుంటం. కట్టకింత అని రేటు చెప్తున్నరు. ఎన్ని కొనాలె, ఏం చూసి కొనాలె?
– ఒక పాడి రైతు, దేవరకొండ

జవాబు: ముందు కట్టల లెక్క పక్కనబెట్టి కిలోల లెక్క చూసుకోండి. కొంతైనా పచ్చిమేత, దాణా పెడుతున్న బర్రెకు రోజుకు 6 కిలోల వరిగడ్డి అనుకుందాం. మార్చి నుంచి జూన్ దాకా 120 రోజులకు 10 బర్రెలకు 7,200 కిలోలు కావాలి. తొక్కుడుకు, తడుపుకు పదో వంతు కలిపితే 7,920 కిలోలు. కట్ట 16 కిలోలుంటే 495 కట్టలు సరిపోతాయి. అదే 12 కిలోలుంటే 660 కావాలి. బరువు చూడకుండా 500 కట్టలు దించుకుంటే, అవి 12 కిలోలవైతే మే నెలాఖరుకే వాము ఖాళీ అవుతుంది.

అందుకే లోడులో పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి మొత్తం పది కట్టలు తీయించి వేలాడే కాటాకు తూచండి. సగటు తీసి, కిలోకెంత పడుతుందో చూశాకే బేరం చేయండి. అయితే బరువెక్కువ ఉన్న ప్రతి కట్టా మంచిదేమీ కాదు. మిగతావన్నీ 15, 16 కిలోలు తూగుతుంటే ఒకటి 22 తూగిందంటే అందులో గడ్డి కన్నా నీళ్లే ఎక్కువుండొచ్చు. దాన్ని విప్పించి చూడండి.

ప్రశ్న: యాసంగి కోతలప్పుడు వాన పడ్డది. రెండు రోజులు ఆరబెట్టి కట్టలు కట్టించి వాము వేసినం. పది రోజులకు లోపల నుంచి ఆవిరి, పులిసిన వాసన వస్తున్నది. ఏం చేయాలె?
– కోయిల్‌సాగర్ ఆయకట్టు రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఆలస్యం చేయొద్దు. తడి గడ్డిలో బూజు, సూక్ష్మజీవులు పెరుగుతూ వేడి పుట్టిస్తాయి. విడిగడ్డి వామిలో ఆ వేడి ఎటో ఒకవైపు పోతుంది. బేలర్ బిగించి కట్టిన కట్టలో పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది. వాము వేసిన మొదటి మూడు వారాలే గండం.

గడ్డపారను వాము నడుమకు దిగేసి 20 నిమిషాలుంచి లాగండి. కొసను పిడికిట పట్టుకోగలిగితే ప్రస్తుతానికి భయం లేదు, కానీ పూటపూటకూ చూడండి. పట్టుకోగానే చేయి వదిలేయాల్సి వస్తే లోపల 60 డిగ్రీలు దాటినట్టే. అప్పుడు వాము పైకి ఎవరినీ ఎక్కనీయకండి. లోపల కమిలి బోలుపడిన చోట మనిషి దిగబడిపోతాడు. హడావుడిగా పీకడం కూడా ప్రమాదమే, గాలి తగలగానే గుప్పున అంటుకుంటుంది. 101కు ఫోన్ చేయండి. నీళ్ల ట్యాంకరు పక్కన నిలబెట్టుకొని, వాళ్లు వచ్చాకే ఒక పక్క నుంచి కట్టలు దించండి. గోరువెచ్చగానే ఉంటే మాత్రం ఇవాళే విప్పి ఎండలో పలచగా పరవండి.

రెండు రోజులు ఆరబెట్టినా ఎందుకిలా అయిందంటే, గడ్డి ఆకు ముందు ఆరుతుంది, గణుపు చివరన ఆరుతుంది. పైన చేయి వేస్తే గలగలమంటుంది. అడుగు వరుసలోంచి ఒక పోచ తీసి, మొదటి గణుపును గోటితో నొక్కి చీల్చి చూడండి. లోపల పచ్చగా, చెమ్మగా ఉంటే ఆ మడి ఇంకా బేలర్‌కు రాలేదు. తిరగేసి మరో రోజు ఎండనివ్వాలి. ఇంకో పరీక్షుంది. పొడి గాజు సీసాలో గుప్పెడు గడ్డి తుంచి వేసి, చెంచా పొడి ఉప్పు చల్లి, మూత పెట్టి మూడు నిమిషాలు ఊపండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తడి 15 శాతం దాటినట్టు. 18 శాతం మించితే కట్ట కట్టనే కట్టొద్దు. వానాకాలం పంటకైతే మంచు ఆరేదాకా, పొద్దున 11 దాటేదాకా బేలర్‌ను మడిలోకి దించకండి. బేలర్ గంటల లెక్కన వస్తుంది కాబట్టి తొందర పడతారు. ఆ తొందరకే వాములు కాలుతున్నాయి.

చెమ్మ ఉండి ఇంకా బూజు పట్టని గడ్డి అయితే యూరియాతో మాగేయొచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. గడ్డి ముందే తడిగా ఉంటే నీళ్లు తగ్గించండి, యూరియా తగ్గించకండి. 15 కిలోల కట్టను విప్పి పరిచి ఏడున్నర లీటర్ల ద్రావణం చల్లి తొక్కండి. దానిమీద ఇంకో కట్ట. అంతా అయ్యాక గాలి దూరకుండా తాడిపత్రి కప్పి అంచులకు మట్టి కొట్టండి. యూరియా అమ్మోనియాగా మారి బూజును ఆపుతుంది, గడ్డినీ మెత్తబరుస్తుంది. 21 రోజులయ్యాక ఒక పక్క తెరిచి, ఆ పూటకు కావలసింది తీసి, ఘాటు పోయేదాకా రెండు గంటలు ఆరబెట్టి వేయండి. మొదట మామూలు గడ్డిలో కిలో కలిపి, వారంలో పెంచుకుంటూ పోండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. ద్రావణం కలిపిన డ్రమ్ము దగ్గరికి పశువు పోకూడదు, ఆ నీళ్లు తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

నల్లబడి బూజు పట్టిన గడ్డికి మాత్రం ఏ మందూ లేదు. అది పెంటలో వేయండి. అట్లాంటి వరిగడ్డి తిన్న బర్రెలకు డెగ్నాలా జబ్బు వస్తుంది. కాళ్లు వాస్తాయి, తోక కొస, చెవి కొసలు ఎండి రాలతాయి, గిట్టల పైన చర్మం పగులుతుంది. ఈ గుర్తు కనపడితే ఆ గడ్డి అదే పూట ఆపి పశువైద్యుణ్ని పిలవండి.

ప్రశ్న: వాముకు పైన తాడిపత్రి కప్పుతున్నం. అయినా అడుగు వరుస పాడైతున్నది. మూడంగుళాలే కదా అని తీసి పారేస్తున్నం.
– కల్వకుర్తి రైతు

జవాబు: ఆ మూడంగుళాలను తేలిగ్గా తీసుకోకండి. రెండడుగుల మందం ఉన్న గుండ్రటి కట్టలో చుట్టూ బయటి మూడంగుళాలు పాడైతే, ఆ కట్టలో దాదాపు 44 శాతం గడ్డి పోయినట్టు. గుండ్రటి కట్టలో గడ్డి ఎక్కువగా బయటి చుట్లలోనే ఉంటుంది మరి. మట్టిమీద నేరుగా వేయకండి. రాళ్లు పరిచి వాటిపై మొద్దులు వేసి, నేలకు అర అడుగు ఎత్తున వాము పెట్టండి. చుట్టూ కాలువ తీయండి. తాడిపత్రి కింద రెండు పక్కలా గాలి ఆడే సందు ఉంచండి, లేకుంటే చెమ్మ లోపలే కారుతుంది.

ప్రశ్న: ట్రాలీ మీద ఎన్ని కట్టలు వేయొచ్చు?
– బేలర్ నడిపే యువకుడు, నిడమనూరు

జవాబు: 100 కట్టలు 16 కిలోల లెక్కన 1,600 కిలోలే. బరువు ట్రాలీకి లెక్కలోది కాదు, చూడాల్సింది ఎత్తు. అడుగు వరుస అడ్డంగా పరచండి. దానిపై వరుస కట్టలు కింది రెండు కట్టల నడుమ గుంతలో కూర్చోవాలి. పైకి పోయేకొద్దీ వరుసకొక కట్ట తగ్గుతూ రావాలి. ఇరుసు వెనకాల బరువు పేర్చకండి, ఎక్కుడు వచ్చినప్పుడు ట్రాలీ ముందు భాగం పైకి లేచి ట్రాక్టర్ వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. నిలువునా రెండు మోకులు, అడ్డంగా మూడు బిగించండి. మూడు కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించాలి, అప్పటికి గడ్డి దిగి మోకు వదులవుతుంది.

లోడు మీద మనిషిని కూర్చోబెట్టకండి. వేలాడే కరెంటు తీగను కర్రతో ఎత్తి దాటించడం మన ఊళ్లలో మామూలైపోయింది. పచ్చి కర్ర, చెమట చేయి మీదుగా కరెంటు దారి చూసుకుంటుంది. అట్లాంటి తీగ కనపడితే బండి ఆపి 1912కు చెప్పండి. లోడు అంటుకుంటే పిన్ను లాగి ట్రాక్టర్‌ను ముందుకు తీసుకుపోండి, ట్రాలీని వదిలేయండి.

ప్రశ్న: నాలుగడుగుల పెద్ద గుండ్రటి గడ్డి ఉండలు కొన్నం. 45 హెచ్‌పీ ట్రాక్టర్‌తో మోయొచ్చా?
– డెయిరీ ఫారం యజమాని, యాచారం

జవాబు: ఎండినది 150 నుంచి 200 కిలోలుంటుంది, తడిసినది ఇంకా ఎక్కువ. వెనక లిఫ్టుకు ఉండలో గుచ్చే ఈటె ముల్లు బిగించి, ముందు బంపరుకు బరువులు వేసి మోయొచ్చు. నేలకు అడుగెత్తులో నడపండి. లోడరుతో ముందు వైపు ఎత్తితే ఇంకా జాగ్రత్త, పైకి లేపిన ఉండ లోడరు చేతుల మీదుగా దొర్లి డ్రైవరు మీదే పడుతుంది. వాలు నేలలో గుండ్రటి వైపు పల్లానికి పెట్టకండి, రాయి అడ్డం వేయకుండా కట్టు కోయకండి. పశువులు నేరుగా తొక్కేచోట వేస్తే సగం పేడలో కలుస్తుంది. చుట్టూ ఇనుప కంచె గాడి పెట్టండి, లేదా చాఫ్ కట్టర్‌లో ముక్కలు చేసి గాడిలో పోయండి.

ప్రశ్న: కట్ట పురికొస తీయకుండానే కోసి వేస్తున్నం, ఏమన్న అయితదా?
– ఒక మహిళా రైతు, మునుగోడు

జవాబు: జనపనారైతే కొంత నయం. నైలాన్ పురికొస కడుపులో కరగదు, ఉండ చుట్టుకుంటుంది. పశువు మేత మానేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, చివరికి కోసి తీయాల్సి వస్తుంది. కట్టకు ఒకే చోట, ముడి పక్కన కోయండి. కోసిన చేత్తోనే మొత్తం లాగి చుట్ట చుట్టి, కొట్టం గుంజకు వేలాడదీసిన సంచిలో వేయండి. కట్టకు ఎన్ని చుట్లున్నాయో లెక్క తెలిసి ఉంటే, చేతికి ఒకటి తక్కువ వచ్చినప్పుడు గాడిలో వెతకొచ్చు.