పేరు ఖాయం చేసేముందు

చి. విజయలక్ష్మికి పెదనాన్న ఆశీస్సులు.

ప్లస్ త్రీ (డిగ్రీ) అడ్మిషన్‌కి ఒడిశా సర్కారు ఆన్‌లైన్ శామ్స్ ఫారం నింపేలోపు సొంత మెయిల్ ఐడి తెరవాలని, దానికీ ఇన్‌స్టాకీ ఏం పేర్లు పెట్టాలో తేలడం లేదని మీ నాన్న చెప్పాడు. ఇప్పటికి ఏదో ఒకటి కొట్టేద్దాం అనుకోకు. జీమెయిల్ అకౌంట్ తీసేస్తే ఆ ఐడి తిరిగి నీక్కూడా ఇవ్వరు.

ముందు మెయిల్. ఇంట్లో నువ్వు విజయలక్ష్మివి, ఒడియా బడి సర్టిఫికెట్‌లో బిజయలక్ష్మివి. పర్లాకిమిడిలో సగం తెలుగు పిల్లలకి ఇదే తిప్పలు. మెయిల్‌కి మాత్రం వాదన పెట్టుకోకుండా సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగే తీసుకో: బి, ఐ, జె, ఎ, వై, ఎ, ఎల్, ఎ, ఎక్స్, ఎం, ఐ. పదకొండు అక్షరాలు. బరంపురం ఆఫీసులో ఫోన్ మీద చెప్పినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒడియా వాళ్ల నోట ఇంగ్లీషు 'వి' అక్షరం 'భి' అవుతుంది, అవతలి వాడికి అది 'బి'లాగే వినబడుతుంది. ఒక్క అక్షరం మారినా ఉత్తరం ఇంకెవరికో పోతుంది.

ఆ పేరు ఈపాటికే ఎవరో తీసుకుని ఉంటారు. అప్పుడు గూగుల్ వెనకాల అంకెలు తగిలించి చూపిస్తుంది, లేదా నీకే పుట్టిన సంవత్సరం గుర్తొస్తుంది. 2007 మాత్రం పెట్టకు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఏమిటో తెలుసుగా? పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. పేరూ 2007 కలిపి ఐడి చేశావంటే ఆ తాళంచెవి ప్రతి ఉత్తరం మీదా రాసి పంపినట్టే. ఫోన్ నంబరు ముక్కలూ వద్దు. ఇంటిపేరులో మొదటి అక్షరమో, నాన్న పేరులో ముక్కో చేర్చు. చుక్క పెడితే కొత్త ఐడి అవుతుందనుకునేవు. జీమెయిల్ చుక్కల్ని లెక్కలోకే తీసుకోదు. ఆరు నుంచి ముప్ఫై అక్షరాల దాకా ఒప్పుకుంటుంది.

ఇన్‌స్టా వేరే లెక్క. అక్కడ సర్టిఫికెట్‌తో పనిలేదు, ఇంట్లో పిలిచే పేరే పెట్టుకో. ఊరి పేరు కలపాలని ఉంటే కొలిచి చూసుకో. మన పర్లాకిమిడిని పారలాఖేముండి అని సర్కారీ ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో రాస్తే పద్నాలుగు అక్షరాలు. ఎక్స్ (పాత ట్విట్టర్)లో మొత్తం పదిహేనే ఇస్తారు, ఇక నీకు మిగిలేది ఒక్కటి! ఇన్‌స్టాలో ముప్ఫై పడతాయి కానీ ఆడపిల్ల ఫోటోల పక్కన ఊరి పేరు ఉండటం నాకు నచ్చదు. ఛాందసం అనుకున్నా సరే. పేరూ ఊరూ తెలిసినవాడికి ఈ చిన్న ఊళ్లో ఇల్లు కనుక్కోవడం ఎంతసేపు?

ఇంటిపేరు పెట్టేముందు కూడా ఆలోచించు. ఆంధ్రాలో పాతపట్నం, టెక్కలి వైపు వాళ్లు ఇంటిపేరు చూడగానే కులం, ఊరు లెక్కగట్టేస్తారు. భువనేశ్వర్ వాళ్లకి అది నోరు తిరగని మాట, అంతే. ఒకే పేరు ఇద్దరికీ రెండు రకాలుగా కనిపిస్తుంది. ఎవరి కంట పడాలనుకుంటున్నావో చూసుకుని పెట్టు.

వికీపీడియాలో రాయాలనిపిస్తే అక్కడ తెలుగు లిపిలోనే పేరు పెట్టుకోవచ్చు. అదే లాగిన్ ఒడియా వికీపీడియాలోనూ పనిచేస్తుంది, నీ పేరు అక్కడా తెలుగులోనే కనిపిస్తుంది.

అండర్‌స్కోర్ ఒకటికి మించొద్దు. లింకు కింద గీత పడితే అది కనబడదు, చాలామంది ఖాళీ అనుకుంటారు. సున్నా పక్కన 'ఓ', ఒకటి పక్కన 'ఎల్' రానివ్వకు. అనుకున్న పేరు ఒక తెలుగు స్నేహితురాలికి, ఒక ఒడియా స్నేహితురాలికి ఫోన్‌లో ఒక్కసారే చెప్పి రాయమను. ఇద్దరూ సరిగ్గా రాస్తేనే ఖాయం చెయ్యి. ఇన్‌స్టాలో పేరు మార్చాక పాతది వెనక్కి కావాలంటే మామూలుగా పద్నాలుగు రోజులే గడువు, ఆ తర్వాత అది ఎవరికైనా పోవచ్చు.

అకౌంట్ మాత్రం నీ ఫోన్‌లో నువ్వే తెరువు. ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే జనసేవా కేంద్రంలో కుర్రాడి చేత తెరిపిస్తే ఐడి వాడికి తోచిందే అవుతుంది, రికవరీ నంబరు వాడిదే పడుతుంది. ఏడాది తర్వాత పాస్‌వర్డ్ మరిచిపోతే ఓటీపీ వాడి ఫోన్‌కి వెళుతుంది. ఇప్పటికే అలా తెరిపించి ఉంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి నంబరు ఈరోజే మార్చెయ్యి.

మీ పెదనాన్న