టెక్ సందేహాలు: దరువు వేసే ఉంగరానికి లాగిన్ ఎందుకు?

దసరా నుంచి నాకు ఒకే రకం ఉత్తరాలు వస్తున్నాయి. వేలికి ఉంగరంలాగో, మణికట్టుకు పట్టీలాగో, చేతికి గ్లవ్‌లాగో తొడుక్కుని గాలిలో చెయ్యి ఊపితే ఫోన్‌లో దరువో స్వరమో మోగించే పరికరాల గురించి. విజయనగరంలో స్టేజీ ఎక్కే కుర్రాళ్లూ కొంటున్నారు, శ్రీకాకుళం పల్లెల్లో జాతరలకు ఆడే బృందాలూ కొంటున్నాయి. కొన్న వారానికల్లా ఏదో ఒక ఇబ్బంది. ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబిస్తున్నాను. పెయిరింగ్ ఎలా చేయాలి, ఛార్జింగ్ ఎంతసేపు పెట్టాలి లాంటివి పెట్టెలోని కాగితంలో ఉంటాయి, దయచేసి చదువుకోండి.

ప్రశ్న: ఉంగరం పెట్టుకుని చెయ్యి విసిరితే దెబ్బ కాస్త ఆగి వినిపిస్తోంది. ఉంగరం పాడైందా, మార్చుకోవాలా? (డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

ఉంగరం బాగానే ఉంది. ఉత్తరం చివర్లో మీరే రాశారు, శబ్దం బ్లూటూత్ స్పీకర్‌లో వింటున్నానని. తప్పంతా అక్కడే ఉంది. ఉంగరం నుంచి ఫోన్‌కు వెళ్లేది శబ్దం కాదు, ‘ఈ స్వరం, ఇంత గట్టిగా’ అని చెప్పే చిన్న మిడీ సందేశం (మిడీ అంటే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు మాట్లాడుకునే ఉమ్మడి భాష). తక్కువ కరెంటు వాడే బ్లూటూత్‌లో ఇలాంటి సందేశాలు 7.5 మిల్లీసెకన్లకు ఒకసారి దాకా వెళ్లగలవు. ఫోన్ నుంచి స్పీకర్‌కు వెళ్లేది మాత్రం అసలైన శబ్దం. దాన్ని కుదించి, పంపి, అవతల విప్పి, కొంత నిల్వ చేసుకుని వినిపించడానికి మామూలుగా 100 నుంచి 300 మిల్లీసెకన్లు పడుతుంది. సినిమా చూసేటప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే ఫోన్ బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి చూపిస్తుంది. మీ చెయ్యిని ఆలస్యం చేయడం దాని వల్ల కాదు కదా.

నిమిషానికి 120 దెబ్బల వేగంలో దెబ్బకూ దెబ్బకూ మధ్య 500 మిల్లీసెకన్లు ఉంటాయి. చతురస్ర నడకలో దాన్ని నాలుగు చేస్తే ఒక్కో మాత్రకు 125. స్పీకర్ 200 మిల్లీసెకన్లు మింగేస్తే మీరు ఒక మాత్రకు పైగా వెనకబడిపోయినట్టే. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, మీరు కొట్టిన డప్పును దాదాపు 68 మీటర్ల అవతల నిలబడి వింటున్నట్టు లెక్క. ఆ దూరం నుంచి ఎవరూ తాళం వేయలేరు. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టండి, లేదా ఫోన్‌ను వైరుతో యాంప్లిఫయర్‌కు కలపండి. ఆ తర్వాత కూడా ఆలస్యం తెలుస్తుంటే అప్పుడు ఉంగరాన్ని అనుమానిద్దాం.

ప్రశ్న: మాది తప్పెటగుళ్ల బృందం. మా ఆట మార్చలేదు, ఇద్దరి చేతులకు మాత్రం మోషన్ పట్టీలు కట్టి కొన్ని శబ్దాలు కలుపుతున్నాం. మొన్న జాతరలో ఆట మధ్యలో పట్టీ మా ఫోన్ నుంచి తెగిపోయి, జనంలో ఎవరి ఫోన్‌కో తగులుకుంది. ఇంకోటి, దాని యాప్ లొకేషన్, మైకు, కాంటాక్టులు అన్నీ అడుగుతోంది. ఇవ్వొచ్చా? (ఆమదాలవలస దగ్గర నుంచి)

ఈ ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను. ఇందులో నన్ను నిజంగా టెన్షన్ పెట్టే సంగతి ఉంది.

ముందు తెగిపోవడం గురించి. మీ ఫోన్ మైకు టేబుల్ మీద ఉందని రాశారు. తప్పెటగుళ్లంటే ఛాతీకి కట్టిన తప్పెట వాయిస్తూ ఎగరడం, తిరగడం, ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడడం. మనిషి ఒంట్లోని నీరు బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను బాగా పీల్చేస్తుంది. పట్టీకీ టేబుల్‌కూ మధ్య పదిమంది చుట్టూ తిరుగుతుంటే లింకు తెగక ఏం చేస్తుంది? ఫోన్‌ను వాయించేవాడి నడుముకే కట్టి, యాంప్లిఫయర్‌కు మామూలు వైర్‌లెస్ మైకు సెట్ ట్రాన్స్‌మిటర్ ద్వారా శబ్దం పంపండి.

ఇక వేరే ఫోన్‌కు తగులుకోవడం. అది మీ తప్పు కాదు, తయారుచేసినవాళ్ల నిర్లక్ష్యం. ఇలాంటి చవక పట్టీలు చాలావరకు ఏ కోడూ అడగకుండా ముందు ఎవరు పిలిస్తే వాళ్లతో కలిసిపోతాయి. లింకు తెగిన క్షణం నుంచి ‘నేనిక్కడున్నాను’ అని అందరికీ చాటుతూనే ఉంటాయి. జనంలో ఏ కుర్రాడి ఫోన్‌లోనో మిడీ యాప్ ఒకటి తెరిచి ఉంటే చాలు. సెట్టింగ్స్‌లో ‘కలిపిన ఫోన్‌ను మాత్రమే గుర్తుంచుకో’ అనే అర్థంలో ఏదైనా ఉంటే ఆన్ చేయండి. అలాంటిదేమీ లేకపోతే ఆ పట్టీ ఇంట్లో సాధనకు పనికొస్తుంది, వేలమంది మధ్య ఆటకు పనికిరాదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పెయిర్ చేసేటప్పుడు ఫోన్ దాన్ని కీబోర్డుగానో ‘ఇన్‌పుట్ డివైస్’గానో చూపిస్తే ఆ లింకు వద్దు. కీబోర్డుగా కలిసిన పరికరం మీ ఫోన్‌లో ఏదైనా టైప్ చేయగలదు. సంగీతానికి ఆ హక్కు అక్కర్లేదు.

అనుమతుల విషయంలో అన్నీ ఒకే గాటన కట్టకూడదు. ఆండ్రాయిడ్ 11, అంతకుముందు వెర్షన్లలో చుట్టుపక్కల బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరి. కాబట్టి పాత ఫోన్‌లో లొకేషన్ అడిగినంత మాత్రాన అది దొంగ యాప్ అయిపోదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘సమీపంలోని పరికరాలు’ అని వేరే అనుమతి వచ్చింది. ఆ ఫోన్లలో కూడా లొకేషన్ లేకపోతే నడవనంటే మాత్రం అనుమానించాల్సిందే. మైకు, మీ గొంతు రికార్డు చేసే సదుపాయం వాడుకుంటేనే ఇవ్వండి. కాంటాక్టులు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి.

ఇప్పుడు అసలు భయం. అందరూ కాంటాక్టులు, ఫొటోల గురించే ఆలోచిస్తారు, చేతి కదలిక కూడా సమాచారమే అని ఎవరికీ తోచదు. 2016లో అమెరికాలోని బింగ్‌హామ్టన్ యూనివర్సిటీ, స్టీవెన్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మణికట్టు పరికరాల్లోని మోషన్ సెన్సార్ల లెక్కలు తీసుకుని, ఆ చేత్తో నొక్కిన పిన్‌ను పసిగట్టి చూపించారు. మొదటి ప్రయత్నంలోనే 80 శాతం, మూడు ప్రయత్నాల్లో 90 శాతానికి పైగా సరిగ్గా తేలింది. అంతకుముందు 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఫోన్‌లోని జైరోస్కోప్ (తిరుగుడును కొలిచే సెన్సార్) దగ్గర్లోని మాటల కంపనాన్ని కూడా కొంతవరకు పట్టగలదని చూపించారు. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక అనుమతి లేని యాప్‌లకు సెన్సార్ లెక్కలు సెకనుకు 200 సార్లకు మించి ఇవ్వడం లేదు. అయితే ఆ హద్దు ఫోన్‌లోపలి సెన్సార్లకే. బయటి పట్టీ బ్లూటూత్‌లో పంపే లెక్కలకు అలాంటి కాపలా లేదు.

మీ కుర్రాడు ఆట అయ్యాక పట్టీ విప్పకుండానే పక్క ఏటీఎంకు వెళ్లి పిన్ నొక్కుతాడు. అదే చెయ్యి. యాప్ వెనకాల తెరిచే ఉంటుంది, కదలికలు ఎక్కడో ఒక సర్వర్‌కు పోతుంటాయి, ఆ సర్వర్ ఎక్కడుందో పెట్టె మీద ఉండదు. మీ పట్టీ ఇప్పుడు ఆ పని చేస్తోందని నేననడం లేదు. చేయగలిగే వీలున్న చోట ఎవరినీ నమ్మాల్సిన అవసరం మనకు లేదంటున్నాను. ఆట అవ్వగానే పట్టీ విప్పండి, యాప్‌ను పూర్తిగా ఆపండి. ఆట మొదలయ్యే ముందు ఏరోప్లేన్ మోడ్ వేసి బ్లూటూత్ ఒక్కటే తిరిగి ఆన్ చేయండి. శబ్దం వస్తోందంటే నెట్ అక్కర్లేదని తేలిపోయినట్టే. ప్రతి ఆటకూ అలాగే వాడండి, మధ్యలో ఫోన్ కాల్ వచ్చి ఆట ఆగే బాధా ఉండదు.

ప్రశ్న: అప్‌డేట్ చేశాక నా గ్లవ్ అకౌంట్ తెరిస్తే గానీ పని చేయనంటోంది. పాత సెట్టింగులు తిరిగి ఎలా తెచ్చుకోవాలి? (నరసన్నపేట)

పాత సెట్టింగులు మీరు ఫైల్‌గా దాచుకోకపోతే తిరిగి రావు. మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. మీ ప్రశ్నకు జవాబు ఇంతే, కానీ ఈ అప్‌డేట్ల తీరు గురించి చెప్పకుండా ఊరుకోలేను.

డబ్బు పెట్టి కొన్న రోజున ఏ షరతూ లేకుండా పనిచేసిన వస్తువు, ఆరునెలల తర్వాత రాత్రికి రాత్రి మెయిల్ ఐడీ, పుట్టినరోజు, ఫోన్ నంబరు అడగడం అన్యాయం. మిడీ 1983 నుంచి ఉంది. మరుసటి ఏడే నెదర్లాండ్స్‌కు చెందిన మిషెల్ వైస్విజ్ రెండు చేతులకూ సెన్సార్లు తొడుక్కుని కచేరీ చేశాడు. చెయ్యి తాకకుండా గాలిలో ఆడించి మోగించే థెరమిన్ 1920 ప్రాంతంలోనే వచ్చింది. వీటిలో దేనికీ లాగిన్ లేదు. ఆ మాటకొస్తే మన హరికథకుడి కాలి గజ్జె కన్నా పాత మోషన్ వాయిద్యం ఏముంది? ఆదిభట్ల నారాయణదాసుగారు చేతులతో, కాళ్లతో, తలతో ఒకేసారి వేరువేరు తాళాలు చూపించిన ఊరు విజయనగరం. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ఒంటితో లయ పలికించడం మనకు కొత్త కాదు. అలాంటి విద్య కోసం కొన్న పరికరం, ఎక్కడో కూర్చున్నవాళ్ల సర్వర్ మూతపడితే మూగబోయేలా ఉండకూడదు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెప్పేదీ ఇదే: చెప్పిన పనికి అవసరమైనంత సమాచారానికే అనుమతి వర్తిస్తుంది. టెలిమెడిసిన్ యాప్ కాంటాక్టుల జాబితా అడిగితే అది అనవసరమని ఆ చట్టంలోనే ఉదాహరణగా రాశారు. 18 ఏళ్లలోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలని కూడా ఉంది. స్కూలు వార్షికోత్సవాలకు ఈ గ్లవ్‌లు కొంటున్న డ్యాన్స్ మాస్టర్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి. తల్లిదండ్రులను అడగకుండా ముప్పైమంది పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఒక యాప్‌లో ఎక్కించే హక్కు మీకు లేదు. కొనేముందు షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ‘నెట్ లేకుండా, అకౌంట్ లేకుండా మోగుతుందా’ అని. అక్కడే మోగించి చూపించమనండి.

ప్రశ్న: ఉంగరం పెట్టె మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్లే స్టోర్ కాకుండా నేరుగా ఏపీకే ఫైల్ వచ్చింది. ఇన్‌స్టాల్ చేస్తే ‘యాక్సెసిబిలిటీ’ ఆన్ చేయమంటోంది. చేయాలా? (పలాస)

వద్దు. యాక్సెసిబిలిటీ ఇస్తే ఆ యాప్ మీ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. దరువు మోగించడానికి అది దేనికి? వెంటనే తీసేయండి. ఇప్పటికే ఆన్ చేసి ఉంటే నెట్ ఆపి, యాప్ తొలగించి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చుకోండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఉంగరాన్ని షాపులో తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: పిల్లలకు వీణ నేర్పుతాను. మోషన్ ఉంగరంతో గమకం పలికించాలని చూస్తున్నా, స్వరాలు మెట్లు మెట్లుగా దూకుతున్నాయి. పైగా పది నిమిషాలకు చెయ్యి ఒకచోట ఉంటే స్వరం ఇంకోచోట పలుకుతోంది. (బొబ్బిలి)

అమ్మా, బొబ్బిలిలో ఉండి గమకం కోసం పట్టుబట్టారు, చాలా సంతోషం. ఈ యాప్‌లు చాలావరకు పాశ్చాత్య మేజర్ స్కేల్‌కు స్వరాలను బిగించి ఇస్తాయి. ముందు ఆ స్కేల్ లాక్ తీసేయండి. తర్వాత చేతి వంపును మామూలు ‘కంట్రోల్’ సందేశానికి కాకుండా ‘పిచ్ బెండ్’కు కలపండి. కంట్రోల్ సందేశంలో 0 నుంచి 127 వరకు 128 మెట్లే ఉంటాయి, స్థాయి మొత్తాన్ని వాటితో నింపితే మెట్టుకూ మెట్టుకూ మధ్య తేడా మీ చెవికి తెలిసిపోతుంది. పిచ్ బెండ్‌లో 16,384 మెట్లున్నాయి. దాని పరిధి మామూలుగా అటూ ఇటూ రెండేసి స్వరస్థానాలు, తోడి రాగంలోని గాంధారానికి ఇంకొంచెం పెంచి చూడండి. ‘స్మూతింగ్’ అని ఒకటి ఉంటుంది, చెయ్యి వణుకు కనపడకుండా చేయడానికి పెట్టింది. స్వరాన్ని ఊపే కంపిత గమకాన్ని కూడా వణుకే అనుకుని చదును చేసేస్తుంది, దాన్ని బాగా తగ్గించండి.

స్వరం జారిపోవడానికి కారణం జైరోస్కోప్‌లో కొద్దికొద్దిగా పేరుకునే తప్పు. పైకీ కిందికీ, పక్కకూ వంచడంలో వచ్చే తప్పును భూమ్యాకర్షణను చూసి పరికరం తనే సరిదిద్దుకుంటుంది. ఎడమకూ కుడికీ తిప్పడంలో అలాంటి ఆధారం లేదు, దిక్సూచి సెన్సారే దిక్కు. స్పీకర్ అయస్కాంతం, ఇనుప స్టేజీ దగ్గర అది గందరగోళపడుతుంది. కాబట్టి స్వరాన్ని చెయ్యి తిప్పడానికి కాకుండా మణికట్టు వంచడానికి కలపండి. క్యాలిబ్రేషన్ (సెన్సార్‌ను సరిచూసి సెట్ చేయడం) ఇంట్లో కాదు, కూర్చుని వాయించబోయే చోటే, చెయ్యి కదపకుండా చేయండి.