చదునైన కొమ్మను కోసే ముందు

చిరంజీవి అమ్ములుకు మామయ్య ఆశీస్సులు.

మధురవాడలో మీ డాబా మీది చామంతికి పట్టీలాంటి చదునైన కొమ్మ వచ్చిందనీ, దాని ముక్కలు నాటి మొక్కలు అమ్మాలని చూస్తున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. గర్వపడ్డాను, ఆ రాత్రి గుబులుతో నిద్ర మాత్రం పట్టలేదు.

కాండం కొసన ఎదిగే భాగం మామూలుగా చుక్కంత ఉంటుంది. అది గీతలా సాగితే కొమ్మ గుండ్రంగా కాక బల్లపరుపుగా పెరుగుతుంది. దీన్నే ఫాసియేషన్ అంటారు. జన్యుమార్పు, పురుగు కాటు, కలుపుమందు, బాక్టీరియా వంటివి ఇందుకు కారణాలు. చాలాసార్లు ఏదో తేలదు. కోడిజుట్టు పువ్వులో ఈ గుణం స్థిరపడింది గనుక విత్తనంతోనే వస్తుంది. నీ చామంతి కూడా అలాగే వస్తుందని కొనేవాళ్లకు మాట ఇవ్వకు.

ఇక కత్తి సంగతి. గాజువాకలో నర్సరీ పెట్టిన రెండో ఏడు, వానల్లో, ఒక చామంతి మొదట్లో మట్టిని ఆనుకుని, కాలీఫ్లవర్ ముక్కలా లేత ఆకుపచ్చ ముద్ద కనిపించింది. దగ్గరగా చూస్తే అన్నీ పొట్టిగా, లావుగా, ఒకదాన్నొకటి తోసుకుంటున్న పిలకలే. పిలకలు ఎక్కువ వచ్చాయని మురిసిపోయి, వాటిని కోసిన కత్తితోనే, దాని మీది పసరైనా తుడవకుండా, మిగతా మొక్కలన్నింటి కొమ్మలూ కోసి నాటాను. కొన్నాళ్లకు వరుస వరుసంతా మొదట్లో అదే ముద్ద! ఇది రోడోకాకస్ ఫాసియన్స్ అనే బాక్టీరియా పని అనీ, సోకిన మొక్కను బాగుచేసే మందు లేదనీ ఒక తెగుళ్ల నిపుణుడు చెప్పాక, అప్పటికే అమ్మిన కుండీల కోసం ఇల్లిల్లూ తిరిగి, డబ్బు తిరిగిచ్చి, మొక్కలు తెచ్చి తగలబెట్టాను. ఒక పెద్దావిడ తన కుండీ ఇస్తూ, పువ్వు చూడకుండానే పోతోందే అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ముఖం నేను ఇంకా మరిచిపోలేదు తల్లీ.

అందుకే ముందు మొక్క మొదలు చూడు. అక్కడ ముద్ద లేకుండా, ఒక్క కొమ్మే పైన చదునైతే భయం లేదు, ముచ్చటగా పెంచుకో. ముద్ద ఉంటే మట్టితో సహా తీసెయ్యి. ఎరువు గుంటలో వెయ్యకు. ఒక్కో మొక్క కోసినప్పుడల్లా కత్తిని స్పిరిట్‌తో తుడవాలి, వింటున్నావా? ఒక కుండీ నీళ్లు ఇంకో కుండీలోకి పారకూడదు.

ఆదివారం వస్తాను. డాబా వాలు ఎటుందో నేను చూశాకే కుండీలు సర్దు.

మీ మామయ్య