‘షాడో ఆఫ్ ద వాంపైర్’ హారరా, కామెడీయా?

“రక్తపిశాచి మూకీ సినిమా తీయడం మీద వచ్చిన ‘షాడో ఆఫ్ ద వాంపైర్’ భయపెడుతుందా, నవ్విస్తుందా?” అని అడిగారు. నా మటుకు రెండూ కాదండీ. షూటింగుల్లో నాలుగు రాత్రులు కంటిన్యూటీ (ఏ టేకులో ఏం జరిగిందో రాసిపెట్టే పని) రాసినవాడికి అది డాక్యుమెంటరీ.

2000లో వచ్చిన సినిమా. అందులో 1921లో జర్మన్ దర్శకుడు మూర్నౌ ‘నోస్ఫెరాటు’ అనే రక్తపిశాచి మూకీ తీస్తుంటాడు. ఓర్లాక్ అనే పిశాచి వేషానికి మాక్స్ ష్రెక్ అనే నటుణ్ణి పెట్టాను, అతను మేకప్ తీయడు, పాత్రలోంచి బయటికి రాడు, రాత్రిళ్లే వస్తాడు అని యూనిట్‌కి చెప్తాడు. అసలు సంగతేంటంటే వాడు నటుడే కాదు, నిజం పిశాచి. రెమ్యూనరేషన్ డబ్బు రూపంలో కాదు, హీరోయిన్ మెడ రూపంలో. అదీ క్లైమాక్స్ అయ్యాకే! వాడికి ఆకలి ఆగక మధ్యలోనే కెమెరామన్ మీద పడతాడు. మూర్నౌ ఒంటికాలి మీద లేస్తాడు, మనిషి పోతున్నాడని కాదు, కెమెరామన్ పోతే పని ఆగుతుందని. స్క్రిప్ట్ గర్ల్‌ని తినొచ్చుగా అంటాడు. ఆమెని తర్వాత తింటాలే అంటాడు పిశాచి. అక్కడ పగలబడి నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది, ఆ స్క్రిప్ట్ గర్ల్ చేసే పనే నేనూ చేసింది.

ఇక నా కథ. పదేళ్ల కిందటి మాట. మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో చిన్న బడ్జెట్ దెయ్యం సినిమా. దర్శకుడి పేరు వద్దులెండి. దెయ్యం వేషానికి పద్యనాటకాల్లో దుర్యోధనుడు, యముడు కట్టిన పెద్దాయన్ని తెచ్చారు. అరవై దాటాయి, అందరం బాబాయ్ అనేవాళ్లం. మేకప్‌కి మూడు గంటలు. తీస్తే మళ్లీ మూడు గంటలని రాత్రంతా అలాగే ఉంచేసేవారు. పది వేళ్లకీ జానెడు గోళ్లు. భోజనాలప్పుడు చూస్తే ప్లేటు ముందేసుకుని కూర్చున్నాడు, కలపలేడు, ఎత్తలేడు. నేనే పెరుగన్నం కలిపి ముద్దలు పెట్టాను. “ఇంకొంచెం ఆవకాయ నంజరా నాయనా” అంటున్నాడు దెయ్యం. ‘షాడో ఆఫ్ ద వాంపైర్’లోనూ ఇలాంటిదే ఒక సీనుంది. ష్రెక్ డ్రాక్యులా నవల చదివి దిగులు పడతాడు. నౌకర్లు లేని ఆ ముసలి జమీందారు డ్రాక్యులా అతిథికి తనే భోజనం వడ్డించాలి కదా, తిండి తిని శతాబ్దాలైనవాడికి రొట్టె ఎలా కొనాలో, జున్ను ఎలా ఎంచాలో గుర్తుంటుందా అని. ఆ సీను ఒక్కటి చాలు, ష్రెక్ వేసిన విలెమ్ డఫోకి ఆస్కార్ ఇవ్వడానికి. నామినేషన్‌తో సరిపెట్టారు.

మూడో రాత్రి షాట్: దెయ్యం మెట్ల మీంచి తలకిందులుగా పాక్కుంటూ దిగాలి. పన్నెండు టేకులయ్యాయి. పదమూడో టేకులో బాబాయ్ నాలుగో మెట్టు దగ్గర జారి, దొర్లి, కింద పడి కదలకుండా ఉండిపోయాడు. కట్ చెప్పలేదు. చెయ్యి ఒక్కటే కొట్టుకుంటోంది. మా దర్శకుడు మానిటర్‌లోకి దూరిపోయి “రోలింగ్, రోలింగ్... అబ్బ, ఆ చెయ్యి చూడండ్రా” అంటున్నాడు. చివరికి ఒక లైట్‌మ్యాన్ ఆగలేక ఫ్రేములోకి దూకాడు. తిట్లు ముందు వాడికే, షాట్ పాడుచేశాడని. షుగర్ పడిపోయిందట. గ్లూకోజ్ నీళ్లు తాగించాక బాబాయ్ కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట “వచ్చిందా?” నేను షీట్‌లో ‘టేక్ 13, ఓకే’ అని రాశాను. నా చేత్తోనే. ఆ ముక్క ట్రైలర్‌లో కూడా ఉంది. మా బేటాలు (రోజువారీ భత్యం) మాత్రం ఇప్పటికీ రాలేదు.

(చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి.) ఆ తర్వాత చూశాను ఈ సినిమా. చివర్లో పిశాచి కళ్లముందే ఒక్కొక్కళ్లనీ చంపుతుంటే మూర్నౌ కెమెరా హ్యాండిల్ తిప్పుతూనే ఉంటాడు. అంతా అయ్యాక, మనకి కావలసింది దొరికిందన్నట్టు ఒక్క మాట. మిగతావాళ్లు డఫో కోరల్ని చూసి భయపడి ఉంటారు. నాకు మాత్రం వణుకు పుట్టింది మూర్నౌ వేసిన జాన్ మాల్కొవిచ్ మొహం చూసే.

ఇంకో విషయం, దీన్ని నిజంగా జరిగిన కథ అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అసలు ష్రెక్ నాటకాల నటుడు, 1936లో పోయేదాకా వేషాలు వేస్తూనే ఉన్నాడు. ‘నోస్ఫెరాటు’లో రాత్రి సీన్లు పట్టపగలు తీసి నీలం రంగు అద్దినవే. నిజంగా జరిగింది ఇంతకంటే వింత: హక్కులు కొనకుండా తీశారని డ్రాక్యులా రచయిత బ్రామ్ స్టోకర్ భార్య కేసు వేస్తే, ప్రింట్లన్నీ నాశనం చేయమని 1925లో కోర్టు తీర్పిచ్చింది. తీసిన కంపెనీ ఆ ఒక్క సినిమాతోనే దివాలా. అయినా ఎక్కడో దాగిన ప్రింట్లు బతికి బయటపడ్డాయి. ఎండ తగిలితే పిశాచి చస్తుందన్నది కూడా ఆ సినిమా పుణ్యమే. నవలలో డ్రాక్యులా పగలు కూడా శుభ్రంగా తిరుగుతాడు. మనవాళ్లకి దెయ్యం సినిమా అంటే తలుపు కిర్రుమనడం, కమెడియన్ లుంగీ జారడం. పిశాచి మీద జాలి కలిగించిన తెలుగు సినిమా ఒక్కటి చెప్పండి చూద్దాం.

పోయిన సంక్రాంతికి బాబాయ్‌కి ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా చూపించాను. ఇంగ్లీషు రాదు, నేనే పక్కన కూర్చుని చెప్పాను. కడదాకా కదలకుండా చూశాడు. చివర్లో ఒకటే అడిగాడు: “ఆ గోళ్లతో వాడికి అన్నం ఎవరు పెట్టార్రా?”