షోమ్రోనుకు ఆ పేరెలా వచ్చింది?

స్థలం అమ్మినాయన పేరే, బైబిల్లో కనిపించే ఈ పాత ఊరికి వచ్చింది. ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మొదటి ఆరేళ్లు పాత రాజధాని తిర్సా నుంచి పాలించాడు. తర్వాత షెమెరు అనే అతని దగ్గర రెండు తలాంతుల వెండికి, అంటే సుమారు 60 కిలోల పైమాటే, ఒక కొండ కొని, దాని మీద కొత్త రాజధాని కట్టించి షోమ్రోను అన్నాడు. ఇది బైబిల్లో 1 రాజులు 16:24లో ఉంది. రాజై ఉండి లాక్కోకుండా డబ్బిచ్చి కొనడం విశేషమే. కొడుకు అహాబు మాత్రం నాబోతు అనే అతని ద్రాక్షతోటకు మొదట వెల ఇస్తానన్నా, అతను ఒప్పుకోకపోవడంతో, రాణి యెజెబెలు అతణ్ణి చంపించాక దాన్ని స్వాధీనం చేసుకున్నాడు!

అహాబు కట్టించాడని బైబిలు చెప్పే 'దంతపు ఇల్లు' ఉత్తమాట కాదనిపించేలా, షోమ్రోను తవ్వకాల్లో, చెక్కిన ఏనుగుదంతం ముక్కలు చాలా దొరికాయి. నూనె, ద్రాక్షారసం లెక్కలు రాసిన కుండపెంకులూ బయటపడ్డాయి.

క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరీయులు ఈ ఊరిని పట్టుకున్నారు. సమరయ అన్నా ఇదే. తర్వాత యూదయ రాజు హేరోదు, రోమా చక్రవర్తి అగస్టస్ గౌరవార్థం ఊరి పేరు సెబస్తే అని మార్చాడు. వెస్ట్ బ్యాంక్‌లోని నాబ్లస్ దగ్గరున్న సెబాస్తియా గ్రామానికి ఇప్పటికీ ఆ పేరే.